పసుపు పండించువారి కడుపు

పసుపు త్రవ్వి, ఉడుకబెట్టి, ఎండబోసి, మెఱుగుపట్టి బస్తాలకెత్తు పనులు ముగియువఱకు ఆర్మూరు చుట్టుపట్ల గ్రామములలో ఎవరికిని ఊపిరి సలుపదు. సంక్రాంతి దాటినది మొదలు ఉగాది సమీపించువఱకు ఈ హడావిడి సాగును. ఈ దినములలోనే సంఘమునకు వచ్చు సభ్యులలో పలువురు కడుపు సంగతి యెత్తుచుందురు. ఒకరికి మంట, ఒకరికి ఉబ్బరము, మఱియొకరికి మూడు దినములకొకమాఱు గాని విరేచనము కాకుండుట. వీనినన్నిటిని 'గ్యాసు' అను నొక్క మాటతో చెప్పి, దుకాణమున నొక బిళ్ళ కొని మ్రింగి, మరల పనిలోనికి బోవుదురు. పసుపు కడుపునకు మంచిదని లోకమంతయు చెప్పుచుండగా దానిని పండించు మనకే యీ బాధలేల యని కొందఱు మమ్మడిగిరి. నవ్వుచు అడిగిన ప్రశ్నయే యైనను దానికి సరియైన సమాధానము కలదు.

ముందుగా పసుపు సంగతి. పసుపునకు రంగు నిచ్చు పదార్థము కర్క్యుమిన్. ఇది పసుపులో సాధారణముగా నూటికి 2 మొదలు 5 పాళ్ళుండును. 2023లో థాయిలాండు వైద్యులు అజీర్ణ బాధగల 206 మందిపై నొక పరీక్ష జరిపి, కర్క్యుమిన్ పుచ్చుకొన్నవారికి కలిగిన ఉపశమనము, ఆమ్లము తగ్గించు ఒమిప్రజోల్ అను మందు పుచ్చుకొన్నవారికి కలిగిన ఉపశమనమునకు ఇంచుమించు సమానముగా నున్నదని ప్రకటించిరి. ఈ వార్త చదివి మనమంతయు సంతోషించితిమి. అయితే లెక్క చూడుడు. ఆ రోగులకు దినమునకు 2 గ్రాముల కర్క్యుమిన్ ఇచ్చిరి. మన పసుపులో నూటికి 3 పాళ్ళున్నదనుకొన్నచో, అంత కర్క్యుమిన్ కొఱకు దినమునకు 66 గ్రాములకు పైగా పసుపు తినవలెను. మన యిండ్లలో పప్పులోను కూరలోను కలిపి మనిషికి ఒకటి రెండు గ్రాములకన్న నెక్కువ పడదు. అదియును గాక కర్క్యుమిన్ సులభముగా రక్తములో చేరదు. మిరియములోని సారముతో కలిపి యిచ్చిన అది చాల యెక్కువగా చేరునని 1998లో బెంగుళూరులోని సెయింట్ జాన్స్ వైద్య కళాశాలవారు చూపిరి. ఆ మాట పట్టుకొని మిరియపు సారముతో కూడిన కర్క్యుమిన్ గొట్టపు మాత్రలు అమ్ముట ప్రబలినది. వానిని వాడినవారిలో కొందఱికి కాలేయము చెడినట్లు ఇటలీలోను, అమెరికాలోను వైద్యులు నమోదు చేసియున్నారు. కావున వంటలోని పసుపు వేఱు, మాత్రలోని పసుపు వేఱు. మొదటిదానిని నిస్సంశయముగా వాడవచ్చును. రెండవదానిని వైద్యుని అడుగక ముట్టరాదు.

2025 జనవరి 14వ తేదీన జాతీయ పసుపు బోర్డు నిజామాబాదు కేంద్రముగా ప్రారంభమైనది. మన సరకునకు దూరదేశములలో పేరు రావలెనని మేమును కోరుచున్నాము. కాని లేని గుణములు చెప్పి తెచ్చుకొన్న పేరు ఎంతకాలము నిలుచును? కొనువాడు ఒకనాడు తెలిసికొనును. నాడు ఉన్న గుణములను చెప్పినను నమ్మడు.

పసుపునకును కడుపునకును గల సంబంధములో మన చేతిలోనున్న సంగతి యింకొకటి కలదు. తడిసి రంగు చెడిన కొమ్ములకు మెఱుపు తెచ్చుటకు లెడ్ క్రోమేట్ అను సీసపు రంగు పూయుట కొన్ని దేశములలో జరిగినది. బంగ్లాదేశములో 1980వ దశాబ్దమున వరదలకు పంట తడిసి వన్నె తగ్గినపుడు ఈ దురభ్యాసము పుట్టినదని పరిశోధకులు కనుగొనిరి. అక్కడి బజారు పసుపు నమూనాలలో 2019లో నూటికి 47 వాటిలో కల్తీ బయటపడగా, ప్రభుత్వము గట్టిగా పట్టుకొన్నందున 2021 నాటికి అది శూన్యమైనది. 2024లో ప్రకటింపబడిన మఱియొక పరిశోధనలో మన దేశపు పాట్నా నగరమున కొన్న పసుపులోను సీసము మిక్కిలిగా నుండెను. సీసము కడుపులో నొప్పిని, మలబద్ధమును, రక్తహీనతను తెచ్చును. పిల్లల బుద్ధివికాసమును శాశ్వతముగా చెఱచును. మెఱుగుపట్టు డోలులో కొమ్ములు ఒకదానికొకటి రాచుకొని వచ్చు వన్నె చాలును. వన్నె తక్కువైన సరకునకు ధర తక్కువ వచ్చినను సరే, రంగు పొడి యేదియు డోలులో పడనీయరాదు. ఇంటికి వాడుకొను పసుపు మన కళ్ళమునుండి తీసికొని దంచుకొన్నదైన నింకను మేలు.

ఇక అసలు ప్రశ్నకు వత్తము. మనము తిన్న అన్నము అన్నకోశమున నలిగి, సుమారు 6 మీటర్ల పొడవుగల చిన్నప్రేవులలో జీర్ణమై, సారము రక్తములో చేరును. జీర్ణము కాక మిగిలినది సుమారు ఒకటిన్నర మీటరు పొడవుగల పెద్దప్రేవును చేరును. ఈ మిగిలినదానిలో ముఖ్యమైనది పీచు. పూర్వము దానిని పనికిరాని పిప్పి యనుకొనెడివారు. పెద్దప్రేవులో సుమారు 38 లక్షల కోట్ల సూక్ష్మజీవులు కాపురముండును; మన శరీరమునందలి కణముల సంఖ్యకు ఇది తీసిపోదు. వాని యాహారము ఈ పీచే. అవి పీచును పులియబెట్టి కొన్ని ఆమ్లములను తయారుచేయును. అందు బ్యూటిరిక్ ఆమ్లము అను నొకటి పెద్దప్రేవు లోపలి పొరకు ప్రధానమైన గ్రాసము. వెన్నలోను ఇది యుండుటచేతనే దాని కాపేరు వచ్చినది. ఆ పొర బలముగా నున్నంతకాలము లోపలి మాలిన్యము రక్తములో చేరదు.

రైతునకు ఈ సంగతి తెలిసికొనుట కష్టము కాదు. ఏటేట యూరియా మాత్రము చల్లి పశువుల యెరువు మానిన చేను మొదటి యేండ్లలో పచ్చగానే కనబడును. తరువాత మట్టి గట్టిపడి, వానపాములు మాయమై, నీరు నిలువదు. పీచులేని తిండి తిన్న ప్రేవులును అట్టివే. గ్రాసము దొరకని సూక్ష్మజీవులు ప్రేవు గోడపైనున్న జిగురుపొరనే తినుట కారంభించునని చుంచెలుకలపై జరిపిన పరీక్షలలో తేలినది.

మన పళ్ళెములో ఇప్పుడేమున్నది? మంజీరపై నిజాంసాగరము 1931లో పూర్తియైనది. గోదావరిపై పోచంపాడువద్ద శ్రీరాంసాగరమునకు 1963 జులై 26న శంకుస్థాపన జరిగినది. కాలువలు వచ్చినవి, బోర్లు పడినవి, వరి పెరిగినది. జొన్నరొట్టె, జొన్న గటక, అంబలి, మక్క గటక తిన్న యిండ్లలో మూడు పూటల తెల్లన్నము వచ్చినది. 2025 ఉగాది వేళనుండి తెల్లకార్డుపై మనిషికి నెలకు 6 కిలోల సన్నబియ్యము ఉచితముగా నిచ్చుచున్నారు. ఆకలి తీర్చిన బియ్యమును మేము నిందింపము. వరియన్నము పండుగనాడు గాని కంటబడని రోజులు చూచిన పెద్దలు ఇంకను మన గ్రామములలో నున్నారు. వారి యెదుట బియ్యమును దూషించుట తగని పని. కాని పాలిషు పట్టిన బియ్యమున 100 గ్రాములకు పీచు 3 గ్రాములైనను లేదు. జొన్నలలో 10 గ్రాములు, పొట్టుగల పెసలలో 17 గ్రాములు కలదు. దినమునకు అరకిలో బియ్యము వండుకొని తిను మనిషికి ఆ యన్నమునుండి వచ్చు పీచు 14 గ్రాములు. అందు సగము తీసి జొన్న చేర్చిన అది 32 గ్రాములగును. పెద్దవారికి దినమునకు 25 గ్రాములకు తక్కువ కారాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది.

ఇచ్చట మాకు నవ్వును దుఃఖమును కలుగుచున్నవి. ఆర్మూరు, బాల్కొండ ప్రాంతములలో జొన్న లేకపోలేదు. యాసంగిలో వేల యెకరములలో ఎఱ్ఱజొన్న పండుచున్నది. అదంతయు ఉత్తరదేశములలో పశుగ్రాసమునకై విత్తుటకు విత్తనముగా పోవుచున్నది. పసుపు చేనిలో అంతరపంటగా వేయు మక్కలు కోళ్ళ దాణాకు పోవుచున్నవి. ఆ జొన్న అక్కడి గేదెల కడుపు నింపును, మన మక్క కోళ్ళ కడుపు నింపును. మనము దుకాణమున బిళ్ళ కొనుచున్నాము. (విత్తనమునకై మందు పట్టించిన జొన్నను తినుటకు ఎన్నడును వాడరాదని ఈ సందర్భముననే హెచ్చరించుచున్నాము. అది విషము. దానిని కోళ్ళకును వేయరాదు.)

అంతమాత్రమున జొన్న తిన్నవారికి రోగములే లేకుండెనని చెప్పుట అబద్ధము. నేడు హైదరాబాదు తార్నాకలోనున్న జాతీయ పోషకాహార సంస్థ 1918లో నీలగిరులపై కూనూరులో సర్ రాబర్టు మెకారిసన్ చేతిమీదుగా మొదలై, 1958లో హైదరాబాదునకు తరలివచ్చినది. ఆ మెకారిసనే కోతులకు సారహీనమైన తిండి పెట్టి చూచి, వాని అన్నకోశము, ప్రేవులు పుండ్లుపడి వాచుటను తొలినాళ్ళలోనే కనుగొనెను. ఆ సంస్థ హైదరాబాదునకు వచ్చిన తరువాత ఇక్కడి వైద్యులకు ఎదురైన రోగము పెల్లాగ్రా. ఎండ తగులుచోట చర్మము నల్లబడి పొట్టు లేచుట, ఆగని విరేచనములు, ముదిరినచో చిత్తభ్రమ దాని లక్షణములు. ఆ రోగులలో ఎక్కువమంది దక్కను పీఠభూమిలో జొన్న తప్ప మఱేమియు దొరకని బీదలు. 1960లో డాక్టరు సి. గోపాలన్, డాక్టరు ఎస్. జి. శ్రీకంటియ జొన్నలోని ల్యూసిన్ అను పదార్థము ఎక్కువగుటయే దీనికి కారణమని ప్రకటించిరి. ఆ కారణముపై తరువాత చర్చ జరిగినను, ఒక్క సంగతి స్థిరపడినది: జొన్న యొక్కటే తిన్న చాలదు. పప్పు, చల్ల, ఆకుకూర తోడైననే జొన్న మేలు చేయును. ఈ సంగతి చెప్పక 'పూర్వులు జొన్న తిని నూఱేండ్లు బ్రతికిరి' అని సభలలో ఉపన్యసించువారు, ఆ పూర్వులలో ఎందఱు నలువది దాటకముందే పోయిరో చెప్పరు.

పప్పు, ఆకుకూరల ప్రస్తావన వచ్చినది గనుక మన తెలుగువాడొకనిని తలంపవలెను. భీమవరమున 1895లో జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావుగారి యన్నదమ్ములిద్దఱు స్ప్రూ అను వ్యాధితో చనిపోయిరి. ఆయనకును అదే సోకి, బ్రతికి బయటపడెను. మన వైద్యులు సంగ్రహణి యనునది దీనికి దగ్గఱిది: ప్రేవులు తిండి సారమును పీల్చుకొనలేక మనిషి ఎండిపోవును. ఆయన అమెరికాకు పోయి, లెడర్లీ ప్రయోగశాలలో తన సహచరులతో కలిసి 1945 నాటికి ఫోలిక్ ఆమ్లమును తయారుచేసెను. స్ప్రూ రోగులకు అది ప్రాణము పోసినది. ఆ ఫోలిక్ జాతి పదార్థము మన పెరటి పాలకూరలోను, గోంగూరలోను, పెసలలోను, శనగలలోను దొరకును. ఎక్కువసేపు ఉడికించి ఆ నీరు పారబోసిన అందులో చాలభాగము పోవును.

జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన సూచనలలో, 2000 క్యాలరీల ఆహారమునకు ధాన్యము 250 గ్రాములు, పప్పుదినుసులు 85 గ్రాములు, కూరలు ఆకుకూరలు కలిపి 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, పాలు లేక పెరుగు 300 మిల్లీలీటర్లు చెప్పబడినవి. పార పట్టి పనిచేయువానికి ఈ ధాన్యము చాలదు, ఎక్కువ తినక తప్పదు. చూడవలసినది పాళ్ళు: మూడు వంతుల ధాన్యమునకు ఒక వంతు పప్పు. మన యిండ్లలో పచ్చిపులుసుతోనో తొక్కుతోనో పళ్ళెము నిండ అన్నము తిని లేచు పూటలెన్నో ఎవరికివారు లెక్క పెట్టుకొనవచ్చును.

అంబలిని గూర్చి కొంత విపులముగా చెప్పుట అవసరము. జొన్నపిండిని నీళ్ళలో కలిపి రాత్రి పులియబెట్టి, మఱునాడు కాచి, చల్లారిన తరువాత చల్ల పోసి, ఉల్లిగడ్డ నంజుకొని త్రాగుట మన పద్ధతి. పులిసినందువలన జొన్నలో ఇనుమును బంధించి యుంచు ఫైటేటు అను పదార్థము తగ్గి, ఆ యినుము ఒంటికి పట్టును. కాచినపుడు పులుపు తెచ్చిన సూక్ష్మజీవులు చచ్చును. అయినను చల్లారిన పిదప పోయు చల్లలో సజీవముగానున్నవి కడుపును చేరును. చల్ల పోయుట వేడిమీద గాక చల్లారినపిమ్మట నను ఆచారములో ఎంత యర్థమున్నదో చూడుడు. 1908లో నోబెల్ బహుమానము పొందిన మెచ్నికోవ్ అను రష్యా శాస్త్రజ్ఞుడు పెరుగు ఆయువును పెంచునని నమ్మెను. ఆయువు సంగతి రుజువు కాలేదు. కాని 2021లో అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమువారు 36 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టునకు పీచుగల తిండిని, ఒక జట్టునకు పెరుగువంటి పులిసిన పదార్థములను పది వారములు పెట్టిచూడగా, పులిసినవి తిన్నవారి ప్రేవులలో సూక్ష్మజీవుల జాతులు పెరిగి, ఒంటిలో వాపును సూచించు పదార్థములు తగ్గినవి. సద్దియన్నమును అట్టిదే, వండి చల్లార్చిన అన్నములో కొంత పిండిపదార్థము అరగని రూపము దాల్చి పీచువలె పనిచేయును. అయితే మంచినీటితో, మూత పెట్టి, ఒక్క రాత్రి మాత్రమే యుంచవలెను. ఎండకాలమున వాసన మాఱిన సద్దిని పశువులకు సైతము పెట్టరాదు.

తెల్లన్నమునకు అలవాటుపడిన కడుపునకు ఒక్కసారిగా రెండుపూటల జొన్నరొట్టె పెట్టిన ఉబ్బరము వచ్చును. జొన్న పడలేదని మానివేయుదురు. మొదటి వారము ఒక పూట సగము రొట్టె, మఱుసటి వారము ఒక రొట్టె, ఇట్లు నెలదినములలో పెంచుకొని, నీరును అధికముగా త్రాగవలెను. పీచు తిని నీరు త్రాగనివానికి మలబద్ధము హెచ్చును గాని తగ్గదు.

పసుపు త్రవ్వు కాలమున జరుగు మఱియొక హాని తిండి తినకపోవుటవలన వచ్చునది. తెల్లవాఱకముందు చాయ త్రాగి చేనికి పోయి, నడుము నొప్పికి బిళ్ళ వేసికొని, పదకొండు గంటలవఱకు మెతుకు ముట్టనివారు కూలీలలోను రైతులలోను ఎందఱో కలరు. ఈ నొప్పి బిళ్ళలు అన్నకోశపు లోపలిపొరను తొలుచును. పరగడుపున దినదినము వాడినచో పుండు పడి రక్తము కాఱును. కడుపులో పుండునకు కారమే కారణమని మనవారి నమ్మకము. 1982లో ఆస్ట్రేలియా వైద్యులు మార్షల్, వారెన్ అన్నకోశమునందు హెలికోబాక్టర్ అను సూక్ష్మజీవిని కనుగొనిరి; పుండ్లలో చాలవానికి అదియు, తక్కినవానిలో ఎక్కువభాగమునకు ఈ బిళ్ళలును కారణము. వారికి 2005లో నోబెల్ బహుమానము వచ్చినది. కారము ఉన్న మంటను పెంచును గాని పుండును పుట్టించదు. ఆ సూక్ష్మజీవి ఉన్నదో లేదో పరీక్షలో తెలియును, రెండు వారముల మందుతో సాధారణముగా పోవును. దానిని విడిచి ఏండ్లతరబడి గ్యాసు బిళ్ళ మ్రింగుట డబ్బు దండుగ.

బీడీలు చుట్టు మన యాడపడుచుల స్థితి వేఱు. వారు పొద్దస్తమానము చేటముందు కూర్చుండి, లెక్క పూర్తికావలెనని నీళ్ళు సైతము త్రాగక యుందురు. వారికి మలబద్ధము, మూలశంక ఎక్కువగుటలో వింత లేదు. అన్నము తినగానే చాయ త్రాగిన తిండిలోని యినుము ఒంటికి పట్టదు. గంటసేపు ఆగి త్రాగవలెను. ఆకు కత్తిరించిన చేతితో, పొగాకు అంటిన చేతితో పిల్లలకు అన్నము కలుపరాదని వేఱుగ చెప్పనక్కఱలేదనుకొందుము.

కడుపునకును మనస్సునకును సంబంధమున్నదని మనవారు ఎఱుగుదురు. దిగులుపడినవానికి ఆకలి పుట్టదు. ప్రేవుల గోడలలో కోట్లకొలది నరకణములున్నవి. మనస్సును కుదుటపఱచు సెరటోనిన్ అను పదార్థములో పదింట తొమ్మిది పాళ్ళు ప్రేవులలోనే తయారగును. అది నేరుగా మెదడునకు పోదు గనుక తిండి మార్చినంతనే దిగులు పోవునని మేము చెప్పము. పసుపు ధర క్వింటాలుకు వేలు పడిపోయిన యేట నిద్ర పట్టని రైతుకు అంబలి మందు కాదు.

మలములో రక్తము పడినను, మలము తారువలె నల్లగానైనను, కారణములేక బరువు తగ్గినను, మ్రింగుట కష్టమైనను, నలువదియైదేండ్లు దాటినవానికి విరేచనపు అలవాటు క్రొత్తగా మారి నెల గడిచినను ఇంటి వైద్యముతో కాలయాపన చేయక ఆర్మూరు ప్రభుత్వాసుపత్రికో నిజామాబాదు పెద్దాసుపత్రికో పోవలెను. సూదిమందు వేయుమని ఊరి వైద్యుని బలవంతపెట్టుటయు, రెండు దినములు వాడి విడిచిపెట్టు యాంటిబయాటిక్ బిళ్ళలును ప్రేవులలోని మంచి సూక్ష్మజీవులను చంపును.

ఇక కార్యమునకు వచ్చెదము. అయిదుగురున్న ఇంటిలో మనిషికి దినమునకు 150 గ్రాముల జొన్న వంతున సంవత్సరమునకు సుమారు 275 కిలోలు కావలెను. నీరు గల నేలలో ఎకరమునకు 12 క్వింటాళ్ళు పండిన యెడల పది గుంటలు చాలును. ఎఱ్ఱజొన్న వేయు సభ్యులు ప్రక్కనే పది గుంటలలో తినుటకు తెల్లజొన్నయో పచ్చజొన్నయో వేసికొని, గట్లపై కంది, పెసర విత్తవలెనని మా సూచన. రెండు చేలు ఆనుకొనియున్న పుప్పొడి కలిసి ఎఱ్ఱజొన్న విత్తనము చెడును గనుక వేఱు దిక్కునగల చెలక ఎన్నుకొనవలెను, లేదా విత్తు దినములు ఎడముగా నుండవలెను. పొలము లేనివారికి సంఘము తరఫున తినుజొన్న, పెసలు కొని పెట్టుట సాధ్యమగునా యనునది రానున్న సర్వసభ్య సమావేశమున చర్చింపదలచినాము. ఎవరికి ఎన్ని కిలోలు కావలెనో, విత్తనము ఎందఱికి కావలెనో వర్షాకాలపు చందా కట్టునపుడే కార్యదర్శి వద్ద వ్రాయించిన కొనుగోలు లెక్క తేలికయగును.